నల్ల ఉన్ని ముడులు

పోయిన నెలలో వికారాబాద్‌లో మా పాత పికప్ బండికి ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఇంజనుకు ఏదో మూడిందనుకున్నాను. అతను ఒక వైరును వేలితో పైకి లేపి నావైపు తిప్పాడు. దానికి నల్లటి గొర్రె ఉన్ని దారం కట్టి ఉంది. దారానికి మూడు ముడులు.

"మేడమ్, గీ బండికి వైరింగు తాండూర్ల చేయించిండ్రా?"

"చేయించలేదు. నేనే చేసిన," అన్నాను. ఆ మాట అనే అవకాశం వస్తే నేను చచ్చినా వదులుకోను.

"అయితే మీరు ఆయన దగ్గర పని నేర్సుకున్నోళ్లే. గీ ముడులు ఇంకేడ ఉండయి." వైరు వదిలి, "పోయిండు గదా పాపం, ఉగాదికి ముంగట. మీకు తెల్వదా?" అన్నాడు.

తెలియదు. నాలుగు నెలలు దాటిపోయింది, నాకు తెలియదు. దసరాకు దసరాకు ఫోన్ చేసేదాన్ని, మధ్యలో ఒక్కసారి చేస్తే నా సొమ్మేం పోయేదని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ మెకానిక్ ముందు ఏడవడం బాగుండదని బానెట్ కిందికి తల దూర్చి ముడులు లెక్కపెడుతూ ఉండిపోయాను. మూడు ముడులంటే బ్రేకు లైటు.

ఆయన పేరు ఇక్కడ రాయను. షాపుకు బోర్డు కూడా పెట్టుకోని మనిషి, అచ్చులో తన పేరు చూస్తే ఇబ్బంది పడేవాడు. నాకు ఆయన కాకా, అంతే. తాండూరులో రైల్వే గేటు అవతల, బండలు పాలిష్ చేసే యూనిట్ల మధ్య ఒక రేకుల షెడ్డు ఆయన ఆటో ఎలక్ట్రికల్ షాపు. షెడ్డు వెనకే ఇల్లు. చుట్టూ మిషన్ల నుంచి తెల్లటి రాతి పొడి లేచి స్టూళ్ల మీద, బ్యాటరీల మీద, ఆయన కనుబొమ్మల మీద వాలుతూ ఉండేది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. లుంగీ మోకాళ్ల దాకా ఎగ్గట్టి తిరిగేవాడు. కర్ణాటక వైపు నుంచి వచ్చే లారీ డ్రైవర్లను కన్నడంలో తిట్టేవాడు, టీ ఉర్దూలో చెప్పేవాడు, పని మాత్రం తెలుగులో నేర్పేవాడు. సంతోషం వస్తే "నోడు, నోడు" అనేవాడు. చూడు, చూడు అని.

కొన్నేళ్ల కింద నేను ఆయన దగ్గరికి పోవడానికి కారణం మా తమ్ముడు. బంట్వారం దగ్గర మా ఊళ్లో, మా కొట్టంలో, నాన్న పికప్ బండి అప్పటికి మూడేళ్లుగా పడి ఉంది. జీపు మూతి, వెనక ఇనుప తొట్టి. తాండూరు మార్కెట్‌కు కందులు తోలడానికి కొన్న బండి. ఆ తొట్టిలో కంది బస్తాల మీద కూర్చునే నేను ఇంటర్ పరీక్షలకు పోయాను. పరీక్ష హాలులో నా జడలోంచి కందులు రాలేవి. నాన్న పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. ఎలుకలు లోపలి వైర్లన్నీ కొరికి కుప్ప పెట్టాయి. తమ్ముడికి ఆ జాగా కొత్త ట్రాక్టర్‌కు కావాలి. తుక్కు కొనేవాడితో మాట్లాడేశాడు కూడా. నేను పెద్ద గొడవ పెట్టుకుంటే చివరికి ఒక షరతు మీద దిగాడు.

"సరే అక్కా. ఇంజను నేను లేపిస్త. వైరింగు సంగతి నువ్వు చూస్కో. దసరానాడు బండి తన లైట్లతోని తను వాకిట్లకు రావాలె. వస్తే ఉంచుదాం. రాకపోతే పండుగ తెల్లారి తుక్కోడు వస్తడు. మల్ల నువ్వు అడ్డం నిలవడొద్దు."

"వైరింగు నేనే చేస్త," అన్నాను.

"నువ్వా?" అని వాడు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాడి తప్పేం లేదు. నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. కరెంటు పాఠం, కాంతి పాఠం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం పక్కింటాయనను పిలుస్తాను.

అప్పటికి జూలై. మా ఊరి ట్రాక్టర్ మెకానిక్ వారంలో ఇంజను లేపి కూర్చోబెట్టాడు. నేను ఫోన్‌లో వీడియోలు చూసి, పనిముట్లు కొని, వైరు చుట్టలు కొని, ఒక ఆదివారమంతా కొట్టంలో కూర్చొని ఒక్క బల్బు కూడా వెలిగించలేకపోయాను. తాండూరులో రెండు షాపులవాళ్లు బండి ఏదో వినగానే తల అడ్డంగా ఊపారు. మూడో షాపతను రైల్వే గేటు వైపు చెయ్యి చూపించాడు.

కాకా దగ్గరికి నేను చేతులు ఊపుకుంటూ పోలేదు. ఆ బండి వైరింగు బొమ్మను నెట్‌లో వెతికి, పెద్ద కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించి, చుట్టి చంకలో పెట్టుకొని పోయాను. ఎర్ర గీత ఒకటి, పచ్చ గీత ఒకటి, గోధుమ రంగు గీత ఒకటి, చూడముచ్చటగా ఉంది. ఆయన దాన్ని బండ మీద పరిచి, వంగి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు.

"మస్తున్నది మేడమ్," అన్నాడు. అని దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "చూడకపోతే ఎట్ల కాకా? అన్నీ అండ్లనే ఉన్నయి," అన్నాను.

"కాయిదం మీద అన్నీ ఉంటయి. మీకు బండి చేసియ్యాల్నా, పని నేర్పాల్నా?"

"నేర్పాలె."

"అయితే నేను ముట్ట. నేను ముడితే మీరు నేర్సుకున్నట్టు గాదు. అన్నీ మీ చేతులతోనే చెయ్యాలె. నేను కూసోని చెప్త. రోషం రావొద్దు."

రోషం మా ఇంటి పేరు. అయినా సరేనన్నాను.

ఆయన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. బండి జోలికి పోనిచ్చేవాడే కాదు. షెడ్డు నేలంతా నున్నటి తాండూరు బండలు. ఆ నేల మీద సుద్దముక్కతో నా చేత నాన్న బండిని దాని అసలు కొలతలతో గీయించాడు. బానెట్ గుమ్మం దగ్గర, వెనక లైట్లు ఇంటివైపు గోడ దగ్గర. నిజమైన బ్యాటరీ దాని చోట, స్విచ్చులు వాటి చోట, హారన్ దాని చోట పెట్టించాడు. బండి ఇనుప ఒంటికి బదులు నిలువునా ఒక పాత ఇనుప పట్టీ పరిచి, బల్బుల నుంచి వెనక్కు వచ్చే వైర్లన్నీ దానికే బిగించమన్నాడు. నేల మీద అన్నీ వెలిగాకనే బండిలోకి.

ఆదివారం పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కేదాన్ని. పది కల్లా సుద్దబండిలో మోకాళ్ల మీద కూర్చొని వైర్లు కోస్తూ ఉండేదాన్ని. షాపుకు వచ్చిన డ్రైవర్లు అలవాటుగా లోపలికి నడిచి రాబోతే కాకా స్టూలు మీంచే కేక వేసేవాడు. "ఏయ్, ఇంజను తొక్కుతున్నవ్. పక్క పొంటి రా." ఆరడుగుల మనుషులు ఉలిక్కిపడి, లేని బండి చుట్టూ తిరిగి వచ్చేవాళ్లు. ఒకాయన మర్యాదగా లేని డోరు తీసుకొని లోపల కాలు పెట్టి నన్ను దాటిపోయాడు. నేను నవ్వి నవ్వి కత్తెర కింద పడేశాను.

ఇక ముడులు. కాకా వాళ్లది గొర్రెలు కాసుకొని, గొంగళ్లు నేసుకొని బతికిన ఇల్లు. ఆయన అన్నకు యాలాల్ దగ్గర ఇప్పటికీ మంద ఉంది. అక్కడి నుంచి తెచ్చిన నల్ల ఉన్ని దారం ఉండ ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. వైరు కోసిన ప్రతిసారీ రెండు కొసలకూ దారం కట్టించేవాడు. ముందు లైటుకు ఒక ముడి. వెనక లైటుకు రెండు. బ్రేకుకు మూడు. కుడి ఇండికేటర్‌కు నాలుగు, ఎడమకు ఐదు. హారన్‌కు ముడులు లేకుండా పిలక వదిలేయాలి.

"రంగు టేపులు ఉంటయి గద కాకా, అవి చుడితే అయిపోదా?" అన్నాను ఒకసారి.

"టేపు ఊడిపోతది. ఎండకు రంగు ఎలిసిపోతది. ముడి యాడికి పోదు. డ్యాష్‌బోర్డు కింద కన్ను పోదు, చెయ్యి పోతది. చేతికి తెలవాలె. మా అన్న మందల మూడు నూర్ల గొర్లుంటయి. చెవు పట్టుకొని తడిమి చూసి ఏది ఎవలదో చెప్తడు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, సోమవారం కాలేజీలో పిల్లలకు కూడా చెప్పాను.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. నేను వైరు చేతిలోకి తీసుకోగానే అడిగేవాడు. "గది ఏం రంగు?"

"ఎరుపు."

"పక్కది?"

"ఆకుపచ్చ."

"ఆఁ, గట్ల నోటితోని చెప్పుకుంట చెయ్యాలె. ఊకె చేతులు పెట్టొద్దు."

మొదటి రెండు వారాలు నాకు చిరాకేసింది. నేనేమన్నా ఒకటో తరగతి పిల్లనా? తర్వాత అర్థమైందనుకున్నాను. ల్యాబులో నేను పిల్లలను అడగనూ? రీడింగు పైకి చదవండి, తప్పు అక్కడే దొరుకుతుంది అని? ఇదీ అదే. మంచి గురువు దొరికాడని లోపల మురిసిపోయాను. కొన్నాళ్లకు ఆయన అడగకముందే చెప్పడం అలవాటైపోయింది. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా గొణుక్కునేదాన్ని.

కాకా భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. బొద్దుగా, గాజుల చేతులతో ఉండేది, నోరు మాత్రం కాకా కంటే పెద్దది. వస్తూ వస్తూనే ఆయన మీద ఏదో ఒకటి అనకపోతే ఆమెకు టీ మరగదు. "సంతకు పంపియ్యనీకె రాదు బిడ్డా ఈ మనిషిని. టమాటలు తెమ్మంటే గట్టి పచ్చికాయలు సంచినిండ తెస్తడు. పెండ్లయినప్పటి సంది పచ్చి టమాట తొక్కు తినుకుంటనే బతుకుతున్న." కాకా తల ఎత్తకుండా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఏ ఇంట్లో మగవాళ్లు కూరగాయలు సరిగ్గా తెచ్చారు?

ఆమె టీ తెచ్చే సమయం కూడా చిత్రంగా ఉండేది. ఏదైనా బండి పని అయిపోయి, డ్రైవరు తాళం తిప్పే వేళకు కచ్చితంగా పళ్లెంతో బయటికి వచ్చేది. బండి వెనక నిలబడేది. కాకా "బ్రేకు తొక్కు" అనేవాడు. డ్రైవరు తొక్కేవాడు. ఆమె "ఆఁ" అనేది. అప్పుడు కాకా బానెట్ మీద చెయ్యి చరిచి బండిని పొమ్మనేవాడు. ఆమె "ఆఁ" అనకుండా ఒక్క బండి కూడా ఆ షెడ్డు దాటిపోవడం నేను చూడలేదు. ఆలుమగల మధ్య ఏదో సెంటిమెంటు అనుకున్నాను. ఆమె చెయ్యి మంచిదేమో అని.

ఆగస్టులో ఒకరోజు నేను ఫ్యూజు పెట్టకముందే బ్యాటరీ కలిపేశాను. సుద్దబండి మధ్యలోంచి పొగ లేచింది. వైరు కళ్లముందే ముడుచుకుపోయింది. నేను ఎగిరి గోడకు తగిలాను. కాకా లేవలేదు. కాలి వేలితో బ్యాటరీ వైరును తప్పించి, టీ తాగడం పూర్తి చేశాడు.

"పొగ వాసన చూసినవా?"

"చూసిన," అన్నాను గోడకు ఆనుకొనే.

"మంచిగైంది. ఇగ జన్మల మర్సిపోవు. కాలిన వైరు తీసెయ్, కొత్తది కొయ్యి బిడ్డా."

అప్పటిదాకా నేను మేడమ్‌ను. ఆ పొగతో బిడ్డనయ్యాను.

సెప్టెంబరు చివరి ఆదివారం నేల మీది బండి వెలిగింది. ముందు లైట్లు గుమ్మంలోంచి రోడ్డు మీదికి పడ్డాయి. ఇండికేటర్లు టక్కు టక్కుమని కొట్టుకున్నాయి. హారన్ నొక్కితే పక్క యూనిట్‌లో బండలు కోసేవాళ్లు పని ఆపి వచ్చారు. పెద్దమ్మ గోడ దగ్గర నిలబడి "ఆఁ" అంది. "నోడు, నోడు," అన్నాడు కాకా, ఎవరిని ఉద్దేశించి అన్నాడో తెలియదు. నలభై ఐదేళ్ల దాన్ని, ఆ సుద్దగీతల మధ్య కూర్చొని అరచేతులతో బండ మీద దరువేశాను. నా పెళ్లిలో కూడా నేను అంత సంతోషంగా లేను. ఈ మాట మా ఆయనకు కూడా తెలుసు.

ఆ వైరింగు మొత్తాన్ని దుప్పట్లో చుట్టుకొని బస్సులో మా ఊరికి పోతుంటే, కండక్టర్ సందులోంచి బయటికి వచ్చిన కొసలు చూసి దూరం జరిగాడు. "ఏందమ్మా అది, పామా?" అన్నాడు. "మా నాయిన బండి," అన్నాను. అతను ఇంకా దూరం జరిగాడు.

దసరా సెలవులు ఇచ్చారు. నేను ఊరికి చేరేసరికి బండి నీలం రంగులో మెరిసిపోతోంది. దసరాకు ఇంట్లో ఏ ఇనుమూ పాత రంగుతో ఉండకూడదని మా అమ్మ పట్టింపు. నాగలి, గొర్రు, బండి చక్రం, కొడవలి పిడి, అన్నిటికీ ఏటా కొత్త రంగు పడాల్సిందే. ఊరి పెయింటర్‌ను పిలిపించి, దగ్గర నిలబడి, లోపల, బయట, కింద, సందుల్లో కూడా వదలకుండా రెండు పూతలు వేయించింది. తమ్ముడు కూడా మనసు కాస్త మెత్తబడి వెనక లైట్లకు కొత్త అద్దాలు తెచ్చాడు. అంత శుభ్రమైన బండి మీద పని చేయడం నాకూ హాయిగా ఉంది. నాలుగు రోజులు కూర్చొని ముడులు చూసుకుంటూ వైర్లు బిగించాను. బిగించిన ప్రతి నట్టుకూ అమ్మ వెనకే వచ్చి పసుపు, కుంకుమ పెట్టింది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం తాళం తిప్పాను. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు గుడ్డిగా మినుకుమన్నాయి. హారన్ నొక్కితే ముందు లైట్లు ఆరిపోయి, హారన్ మూలిగింది. మళ్లీ మొదటి నుంచి ప్రతి ముడీ తడిమాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తమ్ముడు తుక్కు వాడికి ఫోన్ చేసి, ఎల్లుండి ఎన్ని గంటలకు వస్తావని అడిగాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెరట్లోకి పోయి కాకాకు ఫోన్ చేశాను.

అంతా విని అడిగాడు. "బండి ఎట్లున్నది చూడనీకె?"

"పెండ్లికొడుకు లెక్కున్నది కాకా. అమ్మ రెండు పూతలు రంగు ఏయించింది."

అవతల నవ్వు మొదలైంది. ఎంతకూ ఆగలేదు. "ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల వస్త," అని పెట్టేశాడు.

వచ్చాడు. దసరా పూట, తన ఇంట్లో పండుగ వదులుకొని, మొదటి బస్సుకే. పెద్దమ్మ యాలాల్‌లో బావగారింటికి పోయిందని ఒక్కడే వచ్చాడు. అమ్మ పెట్టిన ఉప్మా తిని, బండి చుట్టూ ఒక తిప్పు తిరిగాడు.

"నీలం రంగు మంచిగున్నదా అన్నా?" అంది అమ్మ ఆశగా.

"మెరుస్తున్నది చెల్లే," అన్నాడు. కొట్టం ముందు మంచం వాల్చుకొని కూర్చొని నన్ను పిలిచాడు. "బిడ్డా, బల్బుకు కరెంటు ఏ తొవ్వల వచ్చింది?"

"వైరుల."

"మల్ల బ్యాటరీకి వాపస్ ఏ తొవ్వల పోవాలె?"

"బండి బాడీల. ఇనుముల."

"బాడీ ఏది, చూపెట్టు."

నేను చాసిస్ మీద, వైరు బిగించిన నట్టు దగ్గర వేలు పెట్టాను.

"గది బాడీ గాదు. గది రంగు."

రంగు గుండా కరెంటు పోదు. ఆ ముక్క ఏటా పిల్లలకు నేనే చెబుతాను, రాయకపోతే మార్కు కూడా తీసేస్తాను. బల్బు దాకా పోయిన కరెంటుకు వెనక్కి వచ్చే దారి లేక, పక్క బల్బుల్లోంచి దొంగదారులు వెతుక్కుంటోంది. కాకా జేబులోంచి మడత కత్తి తీసి నా చేతికిచ్చాడు. నేను బండి కిందికి దూరి గీకడం మొదలుపెట్టాను.

"పండుగపూట కొత్త రంగు గీకుతవేందే," అని అమ్మ లబలబలాడింది.

"నాలుగే జాగలు చెల్లే, రూపాయి బిళ్లంత. ఎవలకు కనవడది," అని కాకా ఆమెను ఊరుకోబెట్టాడు. "గా బొట్లు సుత తుడువు బిడ్డా. అమ్మవారు ఏమనుకోదు."

నాలుగు చోట్లా తెల్లటి ఇనుము కనబడే దాకా గీకి, వైర్లు బిగించి బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఊరంతా జమ్మికి పోవడానికి తయారై వాకిట్లో నిలబడి ఉంది. తమ్ముడు చేతులు కట్టుకొని గేటు దగ్గర ఉన్నాడు. నేను నాన్న సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాను. ముందు లైట్లు ఎదురుగా తమ్ముడి మొహం మీద పడ్డాయి. వాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హారన్ నొక్కాను. నాన్న మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు ఊరి మొగదల వినబడే హారన్ అది, అదే గొంతు. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బ్రేకు తొక్కు," అన్నాడు కాకా వెనక నుంచి. తొక్కాను. పిల్లలందరూ కేకలు పెట్టారు. నా కాలు బ్రేకు మీదే ఉంది. ఇంకో మాట కోసం చూస్తున్నాను. రాలేదు.

కాకా నడిచి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, చాలా మెల్లగా అడిగాడు.

"బిడ్డా, నువ్వు దిగి జర చూసి చెప్తవా? ఎనుక లైటు ఎర్రగనే ఉన్నదా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన కళ్లు దించుకొని, కిటికీ అంచున రాతి పొడి ఏమీ లేకపోయినా వేలితో తుడుస్తున్నాడు. "వెలిగేది తెలుస్తది. రంగే తెల్వది. చిన్నప్పటి సంది గంతే. ఎరుపు, పచ్చ నాకు ఒక్కటే లెక్క. అద్దాలు మీ తమ్ముడు తెచ్చిండు, ఏ రంగువి తెచ్చిండో ఏమో. షాపుల అయితే మా ఇంటామె చూస్తది."

టీ పళ్లెం. పచ్చి టమాటలు. గది ఏం రంగు, పక్కది. నా అందమైన రంగుల కాగితం మీద టీ గ్లాసు. ఇరవై ఏళ్లు కాంతి పాఠం చెప్పిన దాన్ని, మూడు నెలలు ఆ మనిషి ముందు కూర్చొని ఏమీ చూడలేదు. నాకు సిగ్గేసింది. మరుక్షణమే నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని ఆపుకోబోయాను, ఆగలేదు. ఆయన నా మొహం చూసి తనూ మొదలుపెట్టాడు.

"నలభై ఏండ్ల సంది నడిపిస్తున్న," అన్నాడు. "ఎవలకన్న తెలిస్తే బండి ఇడుస్తరా బిడ్డా నా దగ్గర?"

తమ్ముడిని పిలిచి బ్రేకు మీద కాలు పెట్టించి, నేను దిగి వెనక్కి పోయాను. సున్నం గోడ మీద రెండు లైట్లూ పడుతున్నాయి. "ఎర్రగున్నది కాకా. మంచిగ ఎర్రగున్నది," అన్నాను. ఆయన బండి మీద చెయ్యి చరిచాడు.

తమ్ముడు కిందికి దిగకుండానే బండిని కొట్టంలోంచి వాకిట్లోకి తెచ్చి, తుక్కు వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. "బండి నీదే అక్కా," అన్నాడు. "జమ్మికి మాత్రం నేను తోల్త." కాకాను ముందు సీట్లో, మధ్యలో కూర్చోబెట్టుకొని పోయాం. దారి పొడుగునా మా తమ్ముడు అవసరం లేని చోటల్లా బ్రేకు కొట్టాడు.

మెకానిక్ కబురు చెప్పిన మరుసటి ఆదివారం బండి తీసుకొని తాండూరు పోయాను. షెడ్డు మూసి ఉంది. రేకు తలుపు కింది నుంచి చూస్తే బండల మీద ఎక్కడో ఒక సుద్దగీత కనబడినట్టే అనిపించింది. వెనక ఇంట్లో పెద్దమ్మ నన్ను చూసి, "ఇప్పుడు వచ్చినవా," అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత టీ పెట్టింది.

"దసరానాడు నీకు చెప్పిన్నని ఆ రాత్రే ఫోన్ల నాతోని అన్నడు," అంది. "మంచిగ నవ్వింది, ఎవలకు చెప్పది అన్నడు. ఎవలకన్న చెప్పినవా?"

"లేదు పెద్దమ్మా. ముడులు ఎందుకని ఎవలన్న అడిగితే, టేపు ఊడిపోతది, ముడి పోదు అని చెప్త." తర్వాత అడిగాను. "ఆయన గురించి రాయాలని ఉన్నది. రాయాల్నా, వద్దా?"

ఆమె చేతులు తిప్పింది. "రాయి. ఇగ బండ్లు ఎవడు తెస్తడు ఆయన దగ్గరికి? టమాటల ముచ్చట సుత రాయి."

రాశాను పెద్దమ్మా.

వెళ్లేటప్పుడు ఆమె గడప దగ్గరే ఆగిపోతుందనుకున్నాను. నేను బండెక్కి, తాళం తిప్పి, అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు పెట్టాను. అద్దంలో చూస్తే ఆమె ఖాళీ టీ గ్లాసుల పళ్లెం పట్టుకొని నడిచి వస్తోంది. సరిగ్గా బండి వెనకకు వచ్చి నిలబడింది. నేను బ్రేకు ఇంకాస్త గట్టిగా తొక్కి పట్టుకున్నాను.

"ఆఁ," అంది.